వాగులో వల చూడబోతున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు మలుగుపిల్లల, అంటే పాములా పొడుగ్గా ఉండే ఆ చేప పిల్లల, లెక్కింపుకు పేరిచ్చావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వాగు సముద్రంలో కలిసే చోట గరాటు వల కట్టి, వసంతమంతా రోజూ వెళ్లి చూసి రావాలట. "చెట్టంత పిల్ల బురదలో దిగుతానంటోంది, నువ్వైనా చెప్పు అక్కా" అని తన గొడవ. వద్దనడానికి నేనెవరిని? తొమ్మిది వసంతాలు ఆ బురదలోనే నిలబడినదాన్ని. ఫోను పెట్టేశాక చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు నడుము బెల్టు సంగతి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగు వాళ్లే ఇస్తారు. దానికి బెల్టు ఉంటుందని నాకు నమ్మకం లేదు, ఉన్నా వదులుగా వేలాడేదే ఉంటుంది. నువ్వే ఒకటి కొనుక్కో. కాలు జారి పడితే తొడుగులోకి నీళ్లు దూరతాయి. బెల్టు బిగించి ఉంటే చాలావరకు నడుము దగ్గరే ఆగిపోతాయి. లేదంటే కాళ్ల దాకా నిండి, లేచి నిలబడటమే గండమవుతుంది. ఒంటరిగా దిగకు. నీళ్లు మోకాలు దాటి ఉరవడిగా ఉంటే పక్కన మనిషి ఉన్నా దిగకు. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో చూసుకోకుండా ఇంట్లోంచి కదలకు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీ అమ్మకు తెలుసు. తనను అడగకు, నన్నూ అడగకు.

మిగతావి మొదటి రోజే నేర్పుతారు. చేతులు తడి చేసుకోకుండా చేపను ముట్టకూడదు, ఒంటి మీది జిగురే దానికి కవచం. దోమల మందు పూసుకున్న చేతులతో అసలే వద్దు. బకెట్లో ఆ వాగు నీళ్లే పోసి నీడన పెట్టు, నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. లెక్కయ్యాక అడ్డుకట్ట ఉంటే దానికి ఎగువన వదులు. ఇంకో వాగుకు వెళ్లాల్సి వస్తే బూట్లూ వలా కడిగి, పూర్తిగా ఆరాకే తీసుకెళ్లు.

మొదటిసారి నీకేమీ కనబడదు, కంగారుపడకు. తెల్లటి పళ్లెంలో ఉత్త నీళ్లే ఉన్నట్టుంటుంది. కాసేపటికి రెండు నల్ల చుక్కలు కదులుతాయి. అవి కళ్లు. వాటి వెనకే దారప్పోగులాంటి వెన్నెముక. వేలెడంత పిల్ల, గాజులా ఒంట్లోంచి అవతలి వైపు కనబడుతుంది. అందుకే గాజుపిల్ల అంటారు. అట్లాంటిక్‌కు ఇటు యూరప్ మలుగైనా, అటు అమెరికా మలుగైనా పుట్టేది ఆ మహాసముద్రంలోనే ఒక భాగమైన సార్గాసో సముద్రంలోనే. ఆకులాంటి ఒంటితో ప్రవాహాల వెంట వేల కిలోమీటర్లు కొట్టుకొచ్చి, తీరం దగ్గర ఈ గాజు రూపం తెచ్చుకుంటుంది. యొహానెస్ ష్మిట్ అనే డేనిష్ శాస్త్రవేత్త 1904లో అట్లాంటిక్‌లో తన మొదటి పిల్లను పట్టాడు. పిల్ల ఎంత చిన్నదైతే పుట్టిన చోటు అంత దగ్గరన్నమాట. అంతకంటే చిన్నవి ఎక్కడున్నాయి, ఇంకా చిన్నవి ఎక్కడున్నాయి అని వెతుక్కుంటూ దాదాపు 20 ఏళ్లు సముద్రాన్ని గాలిస్తే ఈ పుట్టిల్లు దొరికింది. ఇంత చేసినా అక్కడ గుడ్లు పెడుతున్న మలుగును ఇప్పటికీ ఎవరూ కళ్లారా చూడలేదు! నాకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు, మీ అమ్మకు మాత్రం విసుగు.

ఆడ మలుగు మంచినీళ్లలో పదేళ్లో ఇరవై ఏళ్లో పెరిగాక గానీ తిరుగు ప్రయాణం పెట్టుకోదు. ఈ వసంతం నీ పళ్లెంలో కదిలే పిల్ల సముద్రానికి బయలుదేరే నాటికి నీ జుట్టు కూడా నెరవడం మొదలవుతుందేమో.

ఇక అసలు సంగతి. నా మూడో వసంతంలో ఒక తప్పు చేశాను.

అమావాస్య పోటు రాత్రి అది. గాజుపిల్లలు చీకటి రాత్రుల్లో, పోటు నీళ్లతో పాటే వాగులోకి ఎక్కుతాయి కాబట్టి అందరం ఎదురుచూసే రాత్రి. సాయంత్రం నుంచి మబ్బు పట్టింది. వాన సూచన ఉంటే వల తోక ముడి విప్పేసి రావాలి, అప్పుడు వచ్చిన చేప వచ్చినట్టే వెళ్లిపోతుంది. ఆ రోజు వంతు నాది. పెద్ద వాన కాదులే, ఇలాంటి రాత్రి వదులుకుంటామా అని ముడి అలాగే ఉంచేశాను. తెల్లవారేదాకా కుండపోత. పొద్దున వెళ్లాల్సినదాన్ని బద్ధకించి మధ్యాహ్నం వెళ్లాను. వల నిండా కుళ్లిన ఆకులు, పుల్లలు. ఒక పక్క ఊచ వంగి, వల నేలకు అణిగిపోయింది. ఆకుల ముద్దను గుప్పెళ్లతో లాగుతుంటే మధ్యమధ్య తెల్లటి దారాలు. చచ్చిన గాజుపిల్ల గాజులా ఉండదు చిట్టీ, పాలు విరిగినట్టు తెల్లబడుతుంది. లెక్కపెట్టలేదు. పెట్టగలిగేదాన్నే. ఆకులతో సహా నీళ్లలోకి విసిరేసి, వల కడిగి, ఫారం తీసి ఆ రోజు గడిలో సున్నా వేశాను.

సిగ్గుతో వేసిన సున్నా. పక్క గడిలో నీటి వేడి మాత్రం నిజాయతీగా రాశాను, వాన నీళ్లు కలిసి బాగా పడిపోయింది. సీజన్ చివర గ్రాఫు గీసి అందరినీ కూర్చోబెట్టారు. గీత పైకి ఎక్కాల్సిన చోట పాతాళానికి దిగింది. "నీళ్లు చల్లబడ్డాయి, అందుకే ఆ రాత్రి పిల్లలు రాలేదు" అన్నారు మా బృందం పెద్దాయన. చల్లటి నీళ్లలో అవి మందగించే మాట నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. అబద్ధం ఆడినదాన్ని నేను, దానికి కారణం వెతికి పెట్టింది ఆయన.

తర్వాత ఏడాది కొత్తగా వచ్చిన కుర్రవాడికి అదే గ్రాఫు చూపిస్తూ అదే కారణం చెబుతుంటే ఉండబట్టలేక ఆయనకు చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఏమీ అనలేదు. పాత ఫారం వెతికి తీసి, నా సున్నా మీద ఒకే ఒక్క గీత గీశారు. సున్నా కింద ఇంకా కనబడుతూనే ఉంది. పక్కన "వల దెబ్బతిన్నది, లెక్క లేదు" అని రాసి, తేదీ వేసి నా చేత సంతకం పెట్టించారు. తిట్టి ఉంటేనే బాగుండేది.

కాబట్టి చూడని రోజు గడి ఖాళీగా వదిలి, ఎందుకు చూడలేదో రాయి. చూసి ఏమీ దొరకని రోజే సున్నా. చచ్చినవి ఉంటే చచ్చినవి ఎన్నో రాయి. మీ వల వాగునంతా అడ్డుకోదు, వచ్చినవాటిలో కొన్నే పడతాయి. ఒకే చోట, ఒకే తీరున ఏళ్ల తరబడి చూస్తేనే పెరిగాయా తరిగాయా అన్నది తేలుతుంది. యూరప్ తీరాలకు చేరే గాజుపిల్లలు 1980 ముందుతో పోలిస్తే పదోవంతు కూడా లేవని చెప్పగలిగింది ఇలాంటి లెక్కలు రాసినవాళ్ల పుణ్యమే. 2008లో ఆ మలుగును అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు.

ఇంకొక్కటి. నువ్వు ప్రతిదీ ఫోనులో పెడతావు. పిల్లల ఫొటో పెట్టుకో, వాగు పేరు పెట్టకు. ఐరోపా సమాఖ్య 2010 నుంచి వీటి ఎగుమతి ఆపేసినా దొంగచాటుగా తరలించేవాళ్లున్నారు. వల దగ్గర ఎవరైనా తచ్చాడితే నువ్వు వెళ్లి నిలదీయకు, మీ వాళ్లకు ఫోను చెయ్యి. నీ నోరు నాకు తెలుసు.

నా తలదీపం పంపుతున్నాను. పట్టీ తెగితే ముడి వేశాను, ఆ ముడి విప్పకు. బెల్టు కొన్నాక తొడుగు మీద బిగించుకుని ఒక ఫొటో పంపు. మొహం సరిగ్గా పడకపోయినా పరవాలేదు, బెల్టు కనబడాలి.

మీ పెద్దమ్మ