కడుపు నిండినా నోరూరుతోంది, ఎందుకు?

ప్రశ్న: మాది చిత్తూరు, ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో. వయసు 34, నడుము 96 సెంటీమీటర్లు. రాత్రి తొమ్మిదింటికి కడుపు నిండా తింటాను. పన్నెండు దాటాక మళ్లీ మిక్చరు, మైసూరుపాకు మీదికి మనసు పోతుంది. నిద్ర అయిదు గంటలే. లెప్టిన్ పరీక్ష చేయించుకోమంటున్నారు. అవసరమా? ఈ యావను ఆపే మాత్ర ఉందా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ పరీక్షకు డబ్బు పెట్టకండి. లెప్టిన్ అనే హార్మోన్‌ను కొవ్వు కణాలే తయారుచేస్తాయి కాబట్టి ఒంట్లో కొవ్వు పెరిగితే రక్తంలో అదీ పెరుగుతుంది. ‘ఇక చాలు’ అని అది చెప్పినా మెదడు లెక్కచేయకపోవడమే స్థూలకాయంలో అసలు చిక్కు. పుట్టుకతో లెప్టిన్ లోపించడం లాంటి అరుదైన జబ్బుల్లోనే ఆ రిపోర్టు వల్ల చికిత్స మారుతుంది.

భోజనానికి ముందు కడుపులోంచి గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. ఆకలి అంటే అది. మీది రుచి మీద యావ. ఇందులో ఎండోకన్నబినాయిడ్ల పాత్ర పెద్దది. ఆనందమైడ్, 2-ఏజీ అనే ఈ పదార్థాలను శరీరమే కొవ్వు ఆమ్లాల నుంచి అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. గంజాయి పనిచేసే సీబీ1 గ్రాహకాల (కణాల మీద రసాయనాలు అతుక్కునే చోట్ల) మీదే ఇవీ పనిచేసి, తీపి, నూనె పదార్థాల రుచిని మరింత ఊరిస్తాయి. గ్రెలిన్ వీటిని ఎగదోస్తుంది, లెప్టిన్ అణచివేస్తుంది. పొట్ట లోపలి కొవ్వు ఎక్కువగా ఉన్నవారి రక్తంలో 2-ఏజీ ఎక్కువగా కనిపిస్తుంది.

సీబీ1ను అడ్డుకునే మాత్ర ఒకటి వచ్చింది, రిమోనాబాంట్. బరువు తగ్గించింది కూడా. కానీ అవే గ్రాహకాలు మనసును నిలకడగా ఉంచే చోట్లా ఉన్నాయి. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు రావడంతో 2006లో అనుమతించిన యూరప్ 2008లోనే ఆపేసింది. మన దేశంలోనూ నిషేధించారు. ఎవరు ఇచ్చినా వేసుకోవద్దు.

మీరు ముందు సరిచేసుకోవాల్సింది నిద్ర. షికాగోలో యువతను నాలుగు రాత్రులు నాలుగున్నర గంటలే పడుకోనిచ్చి చూశారు. 2-ఏజీ మామూలు కంటే దాదాపు 33 శాతం పెరిగి, రాత్రి తొమ్మిది దాకా దిగలేదు. కడుపు నిండా తిన్న రెండు గంటలకే వాళ్లు చిరుతిళ్లను ఆపుకోలేకపోయారు. కాబట్టి కనీసం ఏడు గంటలు పడుకోండి. రాత్రి అన్నం తగ్గించి ముద్దపప్పో రెండు గుడ్లో కలపండి, మాంసకృత్తులతో కడుపు నిండుగా ఉంటుంది. మిక్చరు 100 గ్రాములంటే 500 క్యాలరీల పైమాటే. పొట్లం చేతిలో పెట్టుకుంటే ఎంత తిన్నారో తెలియదు. తినాలనిపిస్తే 25 గ్రాములు గిన్నెలో వేసుకుని, మిగతాది పక్కన పెట్టేయండి. అసలు కొనకపోతే ఇంకా మంచిది.

మగవారికి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. మామూలుగా ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య కొలవండి. గురక పెడుతున్నా, స్టిరాయిడ్లో మానసిక సమస్యలకు మందులో వాడుతున్నా ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చెప్పండి. బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ దారి వేరు, అది జీఎల్‌పీ-1 అనే హార్మోన్ గ్రాహకాల మీద పనిచేస్తుంది. డాక్టరు పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టవద్దు.

ప్రశ్న: గంజాయి ఆకలి పెంచుతుందంటారు. మరి గంజాయి జాతికే చెందిన హెంప్ గింజల పొడి తింటే?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ఆకలి పెంచేది గంజాయిలోని మత్తు పదార్థం టీహెచ్‌సీ. ఆహారంగా అమ్మే గింజల్లో అది నామమాత్రమే. అయితే పొట్టు తీసిన గింజల బరువులో దాదాపు సగం నూనే. రెండు పెద్ద చెంచాలు వేస్తే సుమారు 110 క్యాలరీలు, అంత మేరకు మిగతా నూనె తగ్గించండి.