రేపే కచేరీ, టికెట్ లేదు... వెళ్లనా?

ప్రశ్న: ఇన్నేళ్లుగా రికార్డింగుల్లో మాత్రమే వింటున్న నా అభిమాన పియానో కళాకారుడు రేపు రాత్రి వేరే ఊళ్లో వాయిస్తున్నారని ఇవాళే తెలిసింది. రైల్లో ఆరు గంటలు పడుతుంది. ఆన్‌లైన్‌లో టికెట్లు అయిపోయాయి, తోడు వచ్చేవాళ్లు లేరు. ఇంట్లోవాళ్లేమో మళ్లీ ఎప్పుడైనా చూడొచ్చులే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వెళ్లండి. ఆ 'మళ్లీ ఎప్పుడైనా' అన్నమాట నేను నమ్మను. కెనడాకి చెందిన ప్రసిద్ధ పియానో కళాకారుడు గ్లెన్ గూల్డ్ 1964లో, 31 ఏళ్ల వయసులో, కచేరీలు పూర్తిగా మానేశారు. 1982లో చనిపోయేదాకా రికార్డింగులు చేశారు కానీ మళ్లీ కచేరీ ఇవ్వలేదు. వచ్చేసారి చూద్దాంలే అనుకున్నవాళ్లకి ఆ వచ్చేసారి రానే లేదు.

అలాగని ఇప్పుడే రైలెక్కేయకండి, ముందు హాలు టికెట్ కౌంటర్‌కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్‌లో అయిపోయినంత మాత్రాన సీట్లు లేనట్టు కాదు. కళాకారుడి అతిథుల కోసం, కెమెరాల కోసం కొన్ని సీట్లు పక్కన పెడతారు, అక్కర్లేదని తేలాక చివరి రోజున వాటిని అమ్మకానికి వదులుతుంటారు. రాలేనివాళ్లు వెనక్కి ఇచ్చిన టికెట్లు కూడా చాలా హాళ్లలో మళ్లీ అమ్ముతారు. ఇలా మిగిలేవి ఎక్కువగా విడి సీట్లే కాబట్టి ఒక్కరే వెళ్లడం మీకే మంచిది, తోడు లేరని దిగులు పడొద్దు. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపే క్యూఆర్ కోడ్ ఫొటోకి మాత్రం డబ్బు కట్టకండి. అదే కోడ్ ఇంకొకరికీ అమ్మి ఉంటే గేటు దగ్గర ముందు స్కాన్ చేయించుకున్నవాళ్లే లోపలికి వెళ్తారు.

ఎంచుకునే వీలుంటే వేదికకి ఎదురుగా కూర్చున్నప్పుడు మధ్య నుంచి కొంచెం ఎడమ వైపు వచ్చే సీటు అడగండి. పియానో మూత ప్రేక్షకుల వైపు తెరుచుకునేలా పెడతారు కాబట్టి వేళ్లతో నొక్కే మెట్లు (కీలు) మనకి ఎడమ పక్కన ఉంటాయి, అటు నుంచే వేళ్లు కనిపిస్తాయి. ఎడమ చెయ్యి కుడి చేతి మీదుగా దాటి వెళ్లి ఒక్క స్వరం తాకి వెనక్కి రావడం, పెడల్ మీద పాదం సగం మాత్రమే దిగడం, ఇన్నాళ్లూ మీరు చెవులతో విన్నదంతా ఎలా పుడుతోందో అక్కడ కళ్లారా చూస్తారు. కుడి వైపు సీటే దొరికినా వదులుకోకండి, శబ్దం అక్కడా బాగుంటుంది, ముఖం కూడా కనిపిస్తుంది.

ఇంట్లోవాళ్లకి వెళ్లే రైలు, తిరిగొచ్చే రైలు వివరాలు, రాత్రి ఎక్కడ ఉంటారో రాసిచ్చేయండి, వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. బయల్దేరే ముందు కచేరీ ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి, ఎందుకంటే రద్దయితే మామూలుగా టికెట్ డబ్బే తిరిగొస్తుంది, రైలు ఖర్చు, గది అద్దె మీవే. మధ్యాహ్నానికల్లా ఆ ఊరు చేరే రైలే ఎక్కండి. ఇలాంటి కచేరీల్లో వాయించడం మొదలయ్యాక తలుపులు మూసేస్తారు, ఆలస్యమైతే ఒక అంశం అయిపోయేదాకా, ఒక్కోసారి విరామం దాకా బయటే నిలబడాలి. తిరుగు రైలు మర్నాడు పొద్దునది చూసుకోండి, చప్పట్లు ఆగకపోతే ఆయన మళ్లీ వచ్చి ఇంకో రెండు వాయించవచ్చు.