పన్నెండు మందిని పిలిచావంట: చిన్నోడికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి చిన్నోడికి కావలి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆదివారం సాయంత్రం ఆఫీసోళ్లని పన్నెండు మందిని ఇంటికి పిలిచావంట, బయట నుంచి ఏమీ తెప్పియ్యనన్నావంట. సంతోషం నాయనా. మనింటి మగపిల్లోడు గరిటె పట్టి పదిమందికి పెడతానంటే ఎవరికి గర్వంగా ఉండదు? అంతలో మీ అమ్మ నువ్వు చెయ్యబోయేవి ఏకరువు పెట్టింది. మిరపకాయ బజ్జీలు, పులిబొంగరాలు, సగ్గుబియ్యం వడలు, నెయ్యి కారం దోసెలు. దాంతో నాకు గుండె దడ పట్టుకుంది. మూడు నూనెలో వేగేవి, నాలుగోది పెనం వదిలి కదలనియ్యనిది. నెల్లూరులో ఆ అద్దింట్లో నీకుండేది రెండు పొయ్యిల స్టవ్వు. వచ్చినోళ్లు హాల్లో కూర్చుంటే నువ్వు లోపల చెమటలు కక్కుతుంటావు. ఇంక వాళ్లని పిలిచింది ఎందుకురా?

నూనెలో వేగేది ఒక్కటే పెట్టుకో. అది బజ్జీ. పులిబొంగరాలకి బాగా పులిసిన దోసెల పిండి ఉండాలి, అది రెండు రోజుల ముందు పని. పైగా శనగపిండి వేగిన నూనెలో అడుగున పడిన పలుకులు మాడి నల్లగవుతాయి. అదే నూనెలో ఇంకోటి వేస్తే ఆ మాడు దానికి అంటి చేదెక్కుతుంది. సగ్గుబియ్యం వడలైతే అసలొద్దు. నానినప్పుడు గింజ లోపల నీళ్లు నిలుస్తాయి. వడ పైన గట్టిపడ్డాక లోపలి ఆవిరికి దారి లేక పేలతాయి. అంత మనసైతే ఇంకో రోజు గుంట పొంగణాల పెనం మీద చెంచాడు నూనెతో కాల్చుకో, నేనేమీ అనను. దోసెల సంగతి నలుగురే వచ్చిన రోజు చూద్దాం.

ఇప్పుడు బజ్జీల దగ్గరికి వస్తా. మీ మామ కుడి మోచేతి మీద పొడుగాటి మచ్చ చూసుంటావు. అడిగితే సైకిల్ మీద నుంచి పడ్డానంటాడు. కాదు, అది మిరపకాయ బజ్జీ. స్నేహితులొచ్చారని గొప్పకి పోయి, కాయల్ని బిందెలో కడిగి కడిగినట్టే పిండిలో ముంచి, సెగ పెద్దగా పెట్టిన బాండ్లిలోకి జార్చాడు. ఒక్క కాయకీ గాటు పెట్టలేదు. మూడో కాయో నాలుగో కాయో ఫట్‌మని పేలి నూనె మోచేతి దాకా ఎగిరింది. ఆ ఒక్క పనిలో ఎన్ని తప్పులున్నాయో విడమరిచి చెప్తా, అన్నీ గుర్తు పెట్టుకో.

మిరపకాయ లోపలంతా బోలు. అందులో ఉండేది గాలి, తడి. చుట్టూ పిండి మూసుకుని నూనెలో పడితే లోపలి తడి ఆవిరవుతుంది. బయటికి పోను సందు లేకపోతే కాయని చీల్చుకునే వస్తుంది. అందుకని ప్రతి కాయకీ తొడిమ కింద నుంచి కొన దాకా ఒక పక్కనే నిలువుగా గాటు పెట్టు. రెండో పక్కకి దిగిందంటే కాయ రెండు బద్దలవుతుంది. తొడిమ తియ్యొద్దు, నీ చేతికి పట్టు అదే. గింజలు చెంచా కాడతో గీకెయ్. చిన్న కాయే గదా అని ఒక్కదాన్ని కూడా గాటు లేకుండా వదలొద్దు.

ఆ తర్వాత తడి. కాయలు పొద్దున్నే కడిగి, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరబెట్టు. గాటు పెట్టేది ఆరిన తర్వాతే, ముందే పెడితే నీళ్లు లోపలికి దిగుతాయి. నీటిచుక్క కాగిన నూనెలో పడితే నూనె కంటే బరువు కాబట్టి కిందికి దిగి, అక్కడ ఒక్కసారిగా ఆవిరై పైనున్న నూనెని చిమ్ముతుంది. తడి చెయ్యి, తడి చిల్లుల గరిటె, కడిగి తుడవని బాండ్లి, మూడూ ఒకటే. లోపల కూరే చింతపండు ముద్ద కూడా జారుగా ఉండకూడదు. నిమ్మకాయంత చింతపండుని కొంచెం నీళ్లలోనే నానేసి చిక్కగా పిసికి, అర చెంచా వాము, ఉప్పు, ఒక చెంచా శనగపిండి కలిపి పొయ్యి మీద దగ్గరపడనిచ్చి, చల్లారాక కాయకి పూసినట్టు పల్చగా రాయి. కుక్కినావంటే వేగేటప్పుడు బయటికొచ్చి నూనెంతా పాడు.

పిండి కొలత. పావు కిలో శనగపిండికి రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, చెంచా ఉప్పు, అర చెంచా వాము నలిపి, చిటికెడు వంటసోడా. నీళ్లు 300 మిల్లీలీటర్ల దాకా పడతాయి, ఒకేసారి గుమ్మరించొద్దు. ముందు కొంచెం పోసి ఉండలు లేకుండా మెదిపి, ఆపైన పల్చన చెయ్యాలి. వేలు ముంచి తీస్తే వేలు కనపడకూడదు, పిండి కిందికి తాడులా జారాలి. చిక్కనైతే బజ్జీ లోపల పచ్చి. పల్చనైతే నున్నటి కాయ మీద నిలవక నూనెలోకి జారి చుట్టూ తోకలు. సోడా ఎక్కువైతే ఎర్రబడి నూనె తాగుతుంది. ముంచబోయే ముందు కాయని పొడి బియ్యప్పిండిలో ఓసారి దొర్లిస్తే పిండి పట్టుకుంటుంది. ముంచి తీసి ఒక పక్కని గిన్నె అంచుకి రాసి వెయ్యి. బండి మీద బజ్జీలేసేవాళ్లు చేసేది అదే. ఆ పక్క పల్చగా ఉండి కాయ కూడా వేగుతుంది. పావు కిలో పిండికి దాదాపు ఇరవై బజ్జీ కాయలు. నీకు ఇరవై నాలుగు కావాలి, 300 గ్రాములు తీసుకో. కాయలు మాత్రం లేత ఆకుపచ్చవి, పొడుగాటివి, బజ్జీ కాయలని అడిగే తీసుకో. కూరల్లోకి వాడే సన్న మిరపకాయలతో చేస్తే నీ ఆఫీసోళ్లు మళ్లీ నీ గడప తొక్కరు.

నూనె బాండ్లిలో సగానికి మించొద్దు. పిండి చుక్క వేస్తే కిందికి దిగి వెంటనే పైకి తేలాలి. అడుగునే ఉండిపోతే కాగలేదు, పడీ పడగానే ఎర్రబడితే సెగ ఎక్కువ. ఒక్కో వాయికి ఐదారు. పైనుంచి విసరొద్దు, అంచు దగ్గర నుంచి నీకు దూరంగా జార్చు. చేతులు నిండా ఉండే నూలు చొక్కా వేసుకో, ఆ సిల్కు లాంటి టీషర్టు వద్దు. బాండ్లికి సరిపోయే మూత పక్కనే పెట్టుకో. నూనె పొగలొస్తే పొయ్యి ఆపు. పొరపాటున అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత పెట్టు, చల్లారేదాకా తియ్యొద్దు, బాండ్లి ఎత్తుకుని బయటికి పరుగెత్తొద్దు. నీళ్లు మాత్రం పొయ్యొద్దురా, మంట ఇల్లంతా లేస్తుంది. ఒంటి మీద పడితే కుళాయి కింద 20 నిమిషాలు పెట్టి ఆస్పత్రికి పో. మీ మామకి ఆ రోజు ఎవరో సిరా పూశారు, ఇంకెవరో పిండి చల్లారు. ఆ మచ్చలో సగం దాని పుణ్యమే.

భయపెట్టానా? పెట్టాలనే పెట్టా. ఇప్పుడు సుఖపడే దారి విను. మధ్యాహ్నం మూడింటికే బజ్జీలన్నీ సగం వేగించి, రంగు రాకముందే తీసి, జల్లెడ లాంటి దాని మీద విడివిడిగా పరిచి పెట్టుకో. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చెమ్మ పట్టి మళ్లీ చిటపటలాడతాయి. వాళ్లొచ్చి చెప్పులు విప్పేటప్పుడు నూనె కాగబెట్టి, ఒక్కోటీ మూడు ముక్కలు కోసి, నిమిషం రెండు నిమిషాలు వేగిస్తే కరకరలాడతాయి. పైన సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కొత్తిమీర, నాలుగు నిమ్మ చుక్కలు. పావుగంటలో పొయ్యి కట్టేసి నువ్వూ హాల్లో కూర్చోవచ్చు.

మిగతావి నిప్పుతో పెద్దగా పని లేనివే. శనగ గుగ్గిళ్లకి అర కిలో నల్ల శనగలు శనివారం రాత్రి నానెయ్, తెల్లారేసరికి కిలో పైన అవుతాయి. కుక్కర్లో ఒకటిన్నర చెంచా ఉప్పుతో నాలుగైదు కూతలు. వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి గానీ చితక్కూడదు. ఒంగోలు వైపు నల్లరేగడిలో పండిన కొత్త శనగలు దొరికితే మూడు కూతలకే ఉడుకుతాయి, పాతబడినవైతే మొండికేస్తాయి. వడకట్టిన నీళ్లు పారబొయ్యొద్దు, మర్నాడు చారు పెట్టుకో. తాలింపు, టెంకాయ తురుము, దించాక నిమ్మరసం. పొయ్యి మీదుండగా పిండితే చేదొస్తుంది. పులిహోరకీ ఇదే మాట.

బొరుగుల్ని పొడి బాండ్లిలో సన్న సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించి డబ్బాలో మూత పెట్టు. 200 గ్రాములు చాలు. వేయించిన శెనక్కాయ పప్పులు, ఎర్రగడ్డ, గింజ తీసిన టమాటా, దొరికితే మామిడికాయ తురుము, అన్నీ విడివిడిగా కోసి పెట్టుకుని, అందరూ చేతులు చాచాకే కలుపు. ముందే కలిపితే ఐదు నిమిషాల్లో మెత్తబడతాయి. కారప్పొడి, ఒక చెంచా ఆవకాయ నూనె.

ఎనిమిదైనా కదలరు చూడు. అప్పటికి నిమ్మకాయ పులిహోర ఉంటే పరువు దక్కుతుంది. ముప్పావు కిలో పాత బియ్యం, కొంచెం పలుకుగా వండి పళ్లెంలో ఆరబోసి, నూనె, పసుపు కలిపి, గోరువెచ్చగా అయ్యాక ఆరేడు నిమ్మకాయల రసం. కొత్త బియ్యంతో చేస్తే ముద్ద. మిగిలితే రాత్రే ఫ్రిజ్‌లో పెట్టు. మన ఎండలకి వండిన అన్నం బయట వదిలితే వాసన రాకముందే కడుపు పాడు చేస్తుంది. ఆ భయంతోనే టెంకాయ చట్నీ కూడా వద్దంటున్నా, సాయంత్రానికే పులుస్తుంది. తెల్లగడ్డ కారమో పప్పుల పొడో పెట్టు.

మజ్జిగకి ముప్పావు లీటరు పెరుగు, రెండుంపావు లీటర్ల నీళ్లు, దంచిన అల్లం, చిదిమిన నిమ్మాకు. ఉప్పు ఇచ్చే ముందు. తీపి చెయ్యబోకు, పాకం నీ వల్ల కాదు. మలై కాజాలు ముప్పావు కిలో కొనుక్కొచ్చుకో, నెల్లూరులో ఉండి కాజాలకి కరువా? ఎవరన్నా ఒంగోలు నుంచి వస్తుంటే అల్లూరయ్య మైసూరుపాకు తెమ్మను.

మిగిలిన నూనె చల్లారాక గుడ్డతో వడకట్టి సీసాలో పోసి, రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడెయ్. వేడిమీద వడకట్టబోకు. నురగ కడుతున్నా జిడ్డువాసనొచ్చినా పారెయ్, తూములో మాత్రం పొయ్యొద్దు, పైపు పూడుకుంటుంది.

పొదలకూరు నిమ్మకాయలు రెండు డజన్లు, ఇంట్లో కొట్టిన పప్పుల పొడి శనివారం పొద్దున బస్సులో పంపిస్తున్నా. స్టాండుకి నువ్వే పో, ఎవర్నో పంపించబోకు. గ్యాస్ బండ బరువు ఇవాళే చూసుకో.

మీ పెద్దమ్మ