తమ్ముడి ఫొటో బాగాలేదని చెప్పొచ్చా?

ప్రశ్న: ఆదివారాల్లో నలుగురం కెమెరాలు పట్టుకుని కొల్లేరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తాం. ఎవరు ఏది చూపించినా ‘సూపర్ అన్నా’ అనే మాటే. మొన్న ఒక తమ్ముడితో, అందరి ముందూ, ‘నీ గూడబాతు బ్లర్ అయింది’ అన్నాను. వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు. నిజం చెప్పడం తప్పా?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: తప్పు కాదండీ. కానీ సగం చెప్పి ఆగిపోయారు, అదీ నలుగురిలో. ఎగిరే పక్షి రెక్కల చివర్లు చెదిరాయంటే చాలాసార్లు షటర్ స్పీడ్ (కెమెరా కన్ను తెరిచి మూసే వేగం) చాలలేదనే. ‘1/250 సెకనులో తీసినట్టున్నావు, ఈసారి 1/1000 పెట్టు, ఫొటో చీకటిగా రాకుండా ఐఎస్ఓ కాస్త పెంచు’ అని ఉంటే, అతను మర్నాడే వెళ్లి ప్రయత్నించేవాడు.

కుర్రతనంలో నేను తీసిన గోదావరి పడవ ఫొటో చూసి, స్టూడియో నడిపే ఒక పెద్దాయన మాట్లాడకుండా ప్రింటు మీద స్కేలు పెట్టారు. నీటి గీత ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు కిందికి దిగి ఉంది. ‘నీళ్లు ఒలికిపోతున్నాయి బాబూ’ అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ క్లిక్ చేసే ముందు ఆ గీతే చూస్తాను.

ఫోన్ వద్దు, ఇంటికే వెళ్లండి. మీ ఫొటో ఒకటి అతని చేతిలో పెట్టి, ‘ఇందులో ఏం తేడా కొట్టింది తమ్ముడూ?’ అని అడగండి. అతను చెబుతుంటే ‘అప్పుడు వెలుతురు లేదు’ అని మాత్రం అడ్డుపడకండి.