నడుము దగ్గర సైడ్లు లేస్తున్నాయంటే లోపల తోపు లేదు

మీరు చేస్తున్న గిటార్ సైడ్లు (వంచిన పక్క చెక్కలు) నడుము దగ్గర, అంటే మధ్యలో సన్నబడే చోట, వాటిని ఆకారంలో పట్టి ఉంచే బయటి చట్రమైన మోల్డ్‌ని వదిలేస్తున్నది లోపలినుంచి తోసేదేమీ లేకే. 2 మి.మీ. చెక్క ఎంత బాగా వంచినా కాస్త వెనక్కి తెరుచుకుంటుంది.

1. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో టర్న్‌బకిల్ (నడిమి భాగం తిప్పితే రెండు వైపుల మరకడ్డీలు బయటికొచ్చి పొడుగయ్యే ఇనుప పరికరం) అడగండి. కొక్కేలు కోసేసి కడ్డీలు ఉంచండి.

2. రెండు చెక్కముక్కలకు రంధ్రాలు చేసి కడ్డీలు దూర్చండి.

3. అందరూ వదిలేసేది ఇదే: సైడు నడుము దగ్గర లోపలికి ఉబ్బుతుంది కదా, చెక్కముక్క ముఖం అదే వంపుకు గుంటగా ఉండాలి. చదును ముక్క ఒక్క గీత మీదే నొక్కుతుంది, సైడు అక్కడే చిట్లుతుంది. మోల్డ్ వంపునే ముక్క మీద గీసి కోయండి, పైన కార్క్ అంటించండి.

4. దీన్ని నడుము దగ్గర రెండు సైడ్ల మధ్య అడ్డంగా పెట్టి, టర్న్‌బకిల్ పొడుగయ్యేలా నడిమి భాగాన్ని చేత్తోనే తిప్పండి, స్పానర్ వద్దు. సైడుకీ మోల్డ్‌కీ మధ్య సందు మూసుకోగానే ఆపండి.

అప్పటికీ లేస్తే సైడ్ల చివరలు చూడండి. మోల్డ్ మధ్యగీత దాటి పొడుగుంటే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గీతకు కోయాలి.