లారీ ఆఫీసు పెడతానంటున్న అబ్బాయి, ముప్ఫై పేజీల ప్లాను

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా నాన్నగారి కాలంలో పార్వతీపురం నుంచి వచ్చి ఇక్కడ హోల్‌సేల్ కిరాణా పెట్టాం. అబ్బాయి బరంపురంలో బీకాం పూర్తి చేసి ఏడాది అవుతోంది. లాజిస్టిక్స్‌లో ఎంబీఏ చెయ్యరా అంటే వద్దంటాడు. సరుకు రవాణా బ్రోకరేజీ పెడతాడట. నెట్‌లో ఏదో కోర్సు చూసి ముప్ఫై పేజీల బిజినెస్ ప్లాను రాశాడు, జత చేశాను. పార్వతీపురంలో ఉన్న స్థలం అమ్మి పది లక్షలు ఇమ్మంటున్నాడు. ఇంత చదివించింది లారీ బ్రోకర్ అవడానికా అని ఇంట్లో అందరికీ బాధ. ఎంబీఏ మంచిదా, ఇది మంచిదా? బ్యాంకు ఒప్పుకునే ప్లాను నమూనా ఏదైనా ఉంటే పంపగలరు.

జవాబు: ముందు ఆ స్థలం అమ్మకండి. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

"లారీ బ్రోకర్ అవడానికా" అన్నారు చూశారా, అక్కడే మీతో నాకు పేచీ. మీ గోడౌన్‌కి పప్పులూ నూనెలూ ఎలా వస్తున్నాయండీ? విజయనగరంలో ఎవరో ఒక లారీ ఆఫీసాయన ఫోన్ మీద బండి కుదిర్చి పంపితేనే కదా. ఆయన మీద ఆధారపడి ఇన్నేళ్లు వ్యాపారం చేసి, అదే పని కొడుకు చేస్తానంటే పరువు తక్కువ అనుకోవడం ఏం న్యాయం? ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి ఎంబీఏనా వ్యాపారమా అని అడుగుతారు. లోపలున్న భయం రెండు ముక్కలే: డబ్బు మునిగిపోతుందేమో, చుట్టాలు ఏమంటారో. రెండోదానికి నా దగ్గర మందు లేదు. మొదటి భయం మాత్రం న్యాయమైనదే.

ప్లాను చదివాను. కుర్రాడు కష్టపడ్డాడు. కానీ అది అమెరికా నమూనా. అక్కడ ఫ్రైట్ బ్రోకర్ కావాలంటే ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలి, 75,000 డాలర్ల బాండు చూపించాలి. ఆ బాండు ఖర్చు రూపాయల్లోకి మార్చి మరీ రాశాడు! మన దగ్గర ఆ బాండు లేదు. మనకున్నది 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం. దాని ప్రకారం బ్రోకర్లు, బుకింగ్ ఏజెంట్లు కూడా కామన్ క్యారియర్ల (ఎవరి సరుకైనా కిరాయికి చేరవేసేవాళ్ల) కిందకే వస్తారు, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ముప్ఫై పేజీల్లో దీని ఊసే లేదు.

అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. అబ్బాయి పెట్టబోయేది ఏ వ్యాపారమో ప్లాను తేల్చలేదు. లోడునీ లారీనీ కలిపి కమీషన్ తీసుకుని పక్కకి తప్పుకోవడం ఒక పని. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ, చేతి నుంచి పెద్దగా డబ్బు పెట్టక్కర్లేదు. తన పేరు మీద బిల్టీ (సరుకు రవాణా రసీదు) కోసి, ఫ్యాక్టరీతో తనే ఒప్పందం చేసుకుని, లారీకి తనే కిరాయి కట్టడం ఇంకో పని. అప్పుడు అతను బ్రోకర్ కాదు, ట్రాన్స్‌పోర్టర్. సరుకు తడిసినా, తూకంలో షార్టేజీ వచ్చినా బిల్టీ మీద పేరున్నవాడినే పట్టుకుంటారు. మీవాడు లాభం రెండోదాని లెక్కన వేసి, ఖర్చు మొదటిదాని లెక్కన వేశాడు.

రెండోదే అనుకుని లెక్క వేద్దాం. ఇవి ఊహ అంకెలే, అసలు అంకెలు అబ్బాయే కనుక్కుని వెయ్యాలి. నెలకి 20 లోడ్లు, లోడుకి కిరాయి 30,000. లోడింగ్ కాగానే లారీ ఓనరుకి 80 శాతం అడ్వాన్సు, అంటే 24,000. ఫ్యాక్టరీ డబ్బు 45 రోజులకి వస్తుంది. అంటే ఎప్పుడు చూసినా 30 లోడ్ల అడ్వాన్సు, 7,20,000 రూపాయలు బయటే ఉంటుంది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 14,400. లోడుకి వెయ్యి మిగిలితే వచ్చేది 20,000. వడ్డీ పోగా 5,600. అందులో ఆఫీసు అద్దె, ఫోన్లు, ఒక కుర్రాడి జీతం. ఒక్క పార్టీ రెండు లోడ్ల డబ్బు ఎగ్గొడితే 60,000, మూడు నెలల కమీషన్ గోవిందా. పోనీ వ్యాపారం బాగా సాగి 40 లోడ్లయితే? బయట ఉండే డబ్బు 14 లక్షలు దాటుతుంది. ఈ లైనులో చాలామంది దెబ్బతినేది లోడ్లు లేక కాదు, లోడ్లు పెరిగాక. మీ పది లక్షలు ఎక్కడికి పోతాయో ఇప్పుడు తెలిసింది కదా.

"అవకాశాలు" అన్న పేజీలో రాయ్‌పూర్-విశాఖ ఎక్స్‌ప్రెస్ వే గురించీ, రాయగడ రైల్వే డివిజన్ గురించీ ఉత్సాహంగా రాశాడు. కోరాపుట్ జిల్లా మీదుగా పెద్ద రోడ్డు వస్తే లారీలు మన పక్కనుంచి వేగంగా వెళ్లిపోతాయి, అంతే. ఆగి లోడెత్తుకోవడానికి కారణం వేరే ఉండాలి. రైలు సంగతి సరేసరి, బరువు సరుకుకి అది మనకి పోటీ. ఇవి తీసేసి జేకేపూర్ పేపరు మిల్లు, తెరుబలి ఫెర్రో అల్లాయ్స్, టికిరి అల్యూమినా దగ్గర లోడింగ్ ఎవరి చేతిలో ఉందో రాయమనండి. ఫ్యాక్టరీ గేటు దగ్గర లోకల్ లారీ ఓనర్ల అసోసియేషన్ మాట చెల్లే చోట బయటి బ్రోకరుకి ఎంత చోటుంటుందో కనుక్కోమనండి. గునుపూర్ వైపు పత్తి ఏ నెలల్లో కదులుతుంది, మిగతా నెలల్లో ఏం ఎత్తుతాడు? విశాఖ నుంచి పైకి వచ్చిన లారీకి తిరుగు లోడు ఎక్కడ దొరుకుతుంది? ఈ పేజీలు నెట్‌లో దొరకవు.

యాప్‌ల మీద కూడా నాకు అంత నమ్మకం లేదు. లోడూ లారీ ఫోన్‌లోనే కలిసే రోజుల్లో ఇంకో యాప్ చేస్తానని పాతికేళ్ల లోపు కుర్రాళ్లు చాలామంది వస్తారు. రాత్రి సాలూరు ఘాట్‌లో బండి ఆగిపోతే డ్రైవరు యాప్‌కి ఫోన్ చెయ్యడు, ఆఫీసులో మనిషికి చేస్తాడు. మీవాడికి ఉన్న అసలు పెట్టుబడి ప్లానులో ఎక్కడా లేదు: ఫ్యాక్టరీ గుమాస్తాతో ఒడియా, విజయనగరం ఓనరుతో తెలుగు, రాయ్‌పూర్ డ్రైవరుతో హిందీ, మూడూ తడుముకోకుండా మాట్లాడగలడు. సరిహద్దు పిల్లలకి అది పుట్టుకతో వచ్చింది కాబట్టి వాళ్లకే దాని విలువ తెలియదు.

ఎంబీఏ సంగతి అడిగారు. పేరున్న సంస్థలో సీటొస్తే వెళ్లనివ్వండి. "లాజిస్టిక్స్" అన్న మాట కొత్తగా బోర్డు మీద రాయించుకున్న కాలేజీకి లక్షలు కట్టి, చివరికి గోడౌన్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి పంపడం నాకు నచ్చదు. అలాగని ఈ ఏడాది వృథా అయిందని కుమిలిపోకండి. ఇరవై రెండేళ్ల బీకాం కుర్రాడికి ఒక ఏడాది పెద్ద లెక్క కాదు. ఉద్యోగం లేక ఇంట్లో కూర్చుని ఫోన్ చూసే పిల్లల తల్లిదండ్రులే నాకు ఎక్కువగా రాస్తారు. మీవాడు ముప్ఫై పేజీలు రాశాడు, తప్పులున్నా సరే.

నమూనా మాత్రం పంపను. ఆడిటరుకి డబ్బిచ్చి రాయించకండి కూడా. ఒక ఎనిమిది నెలలు పార్వతీపురంలోనో విజయనగరంలోనో ఏదైనా లారీ ఆఫీసులో జీతానికి కూర్చోబెట్టండి, జీతం ఎంతైనా పర్లేదు. తర్వాత అదే ప్లాను పది పేజీల్లో మళ్లీ రాస్తాడు. అప్పుడు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) చేయించండి. అది ఉంటే మన సేవ కొనే కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదని చట్టం. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా లోనులో కిశోర్ అనే తరగతి కింద 5 లక్షల వరకు, తరుణ్ కింద 10 లక్షల వరకు అడగొచ్చు. ముందు కిశోర్‌తో, కమీషన్ పనితోనే మొదలుపెట్టమనండి.

మొదలుపెట్టాక కరెంట్ అకౌంటు వాడి పేరు మీదే తెరవండి. కొట్టు గల్లాలోంచి లారీ అడ్వాన్సులు ఇవ్వకండి, "రేపు సర్దేస్తాను నాన్నా" అన్నా సరే.