వాల్ మిక్సర్ లెగ్గుల దగ్గరే ఉంది పనంతా

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

బాత్రూమ్‌లో వాల్ మిక్సర్, అంటే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపి వదిలే గోడ కుళాయి, నువ్వే బిగించుకుంటానన్నావు. మంచిదే. పని పెద్దది కాదు గానీ, చాలామంది పైకి కనిపించే నట్టు మీదే బలం చూపిస్తారు. నీళ్లు కారేది మాత్రం ఫ్లాంజి (గోడ కన్నాన్ని కప్పే గుండ్రటి బిళ్ల) వెనక, గోడలోకి దిగే లెగ్గు (మిక్సరును గోడలోని పైపుకు కలిపే వంకర ముక్క) దగ్గర. నీ ఓపికంతా అక్కడ పెట్టు.

ముందు గీజరు స్విచ్చి ఆపు. ట్యాంకు లైను, గీజరు లైను రెండిటి వాల్వులూ కట్టేసి, కింద ఏదైనా కుళాయి విప్పి పైపులో మిగిలిన నీళ్లు దించు. గోడలోని పైపు మూతులకు పెట్టిన డమ్మీ ప్లగ్గులు తీశాక బకెట్ పట్టుకుని, వాల్వు విప్పి ఒక్కో లైనూ అర నిమిషం వదిలి, మళ్లీ కట్టెయ్. సిమెంటు పలుకులు, ఇసుక వస్తాయి. అవి మిక్సరు లోపలికి వెళితే కొత్తదైనా సరే, సరిగ్గా కట్టుకోదు.

ఎడమ వేడి, కుడి చల్ల. గోడలో పైపు మలుపు తిరిగి బయటికి మూతి పెట్టే రెండు ఎల్బోల మధ్య దూరం సెంటరుకు సెంటరు 150 మి.మీ., అంటే 6 అంగుళాలు ఉండాలి. మేస్త్రీ పుణ్యమా అని కాస్త తేడా వచ్చినా కంగారుపడకు, లెగ్గులకు ఆ వంకర పెట్టింది అందుకే. తిప్పితే దూరం సర్దుకుంటుంది. ఎల్బో మూతి టైల్ కంటే బాగా లోపలికి ఉండిపోతే ఎక్స్‌టెన్షన్ నిపుల్, అంటే పొడవు పెంచే చిన్న గొట్టం ముక్క, వెయ్యాలి. లోతు కొలిచి, సరిపడే పొడవుది ఒక్కటే తెచ్చుకో. రెండు పొట్టివి కలిపావంటే కారడానికి ఇంకో చోటు ఇచ్చినట్టే.

ఇక టెఫ్లాన్ టేపు. మర ఉన్న కొస నీవైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దవుతుంది. మొదటి మర వదిలెయ్, లేకపోతే పీలికలు నీళ్లలోకి పోతాయి. షాపుల్లో దొరికే పల్చటి టేపైతే లాగిపట్టి 12 నుంచి 15 చుట్లు వెయ్యి. క్రోము పూసిన మర నున్నగా ఉండి టేపు జారుతుంటే, హాక్సా బ్లేడుతో మర మీద అడ్డంగా చిన్న గాట్లు పెట్టు. నార చుట్టి రంగు పూసే పాత పద్ధతి జీఐ (జింకు పూత ఇనుప) పైపులకు సరే, సీపీవీసీ (వేడినీళ్లకూ వాడే ప్లాస్టిక్) పైపుల దగ్గర వద్దు. నార నీటికి ఉబ్బి ఫిట్టింగు మీద ఒత్తిడి పెడుతుంది, కొన్ని రంగులు, నూనెలు ఆ ప్లాస్టిక్‌ను పాడుచేస్తాయి.

లెగ్గును ముందు చేత్తో, తర్వాత స్పానరుతో బిగించు. ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో: లెవెల్ కోసం వెనక్కి తిప్పకూడదు. టేపు ముందుకు తిరిగినప్పుడే మరలో కూరుకుంటుంది, వెనక్కి తిప్పితే అక్కడ సందు పడుతుంది. దాటిపోయిందనుకో, మొత్తం విప్పి, పాత టేపు గీకేసి, కొత్తది చుట్టు. అలాగని బలవంతం చేసి ఇంకో చుట్టు తిప్పావంటే గోడలో ఫిట్టింగు పగులుతుంది, అప్పుడు టైల్ పగలగొట్టాల్సిందే. రెండు లెగ్గుల మీదా రసమట్టం పెట్టి చూసుకో.

మిక్సరు పెట్టకముందే ఫ్లాంజిలు ఎక్కించు. ఇది మర్చిపోయి మళ్లీ అంతా విప్పేవాళ్లే ఎక్కువ. మిక్సరు నట్లకు టేపు అక్కర్లేదు, అక్కడ నీళ్లు ఆపేది రబ్బరు వాషరు. రెండు నట్లూ మార్చిమార్చి చేత్తో ఎక్కించి, స్పానరు పళ్లకు గుడ్డ చుట్టి పావు చుట్టు తిప్పితే చాలు. ఒకవైపే పూర్తిగా బిగిస్తే వాషరు నలిగి పక్కకు పోతుంది.

వాల్వులు మెల్లగా విప్పు. ఫ్లాంజిలు ముందుకు లాగి, ప్రతి లెగ్గు మొదట్లో పొడి కాగితం చుట్టి అరగంట ఆగు. చల్లనీళ్లకు ఊరుకున్న జాయింటు వేడినీళ్లకు చెమ్మగిల్లవచ్చు, కాబట్టి గీజరు వేసి మరోసారి చూడు. కాగితం తడవకపోతేనే ఫ్లాంజి గోడకు ఆనించి సిలికాన్ పెట్టు. పైనా పక్కలా మాత్రమే, కింద అర అంగుళం వదిలెయ్. రేపు లోపల కారితే అక్కడి నుంచే చుక్క బయటపడుతుంది. చుట్టూ తెల్లసిమెంటు పూసేస్తే ఆ చెమ్మ పక్కగది గోడకు ఎక్కేదాకా తెలీదు.

ఆదివారం సాయంత్రం మాత్రం మొదలుపెట్టకు. నిపుల్ పొడవు సరిపోకపోతే హార్డ్‌వేర్ షాపు మూసి ఉంటుంది, ఇంట్లో నీళ్లూ కట్టేసి ఉంటాయి.

ఇట్లు,
మీ పెదనాన్న